నాయన వద్దన్న ఆపరేషన్

నాయనకు మూత్రం దగ్గర ఇబ్బంది ఉందన్న సంగతి ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. ఆయన అమ్మతో చెప్పాడు. అమ్మ హిందూపురంలో ఉన్న మా అన్న జాకీర్‌తో చెప్పింది. జాకీర్ తన భార్య షాహిస్తాతో అన్నాడు. షాహిస్తా నాకు ఫోన్ చేసి, మామ ఊరికే లేచి బాత్రూముకు పోతాండాడంట, షుగరేమో ఒకసారి చూపించమని గొంతు తగ్గించి చెప్పింది. నేను ధర్మవరంలో మందుల షాపులో పనిచేస్తాను. మూత్రం మాత్రలు అడిగే ముసలాయనలు రోజుకు ఎంతమంది వస్తారో నాకే లెక్క తెలియదు. అయినా ఆ మాట నాతో చెప్పడానికి నాయనకు నోరు రాలేదు. నడుము కింది సంగతులు కూతురితో మాట్లాడే అలవాటు మా ఇళ్లల్లో లేదు. కొడుకుతో కూడా అంతంతమాత్రమే.

నాయన పేరు బుడన్‌సాబ్. పెనుకొండలో పరుపుల అంగడి. దూది ఏకడం మా తాతల నుంచి వస్తున్న పని. ఏకడానికి ఇప్పుడు మిషన్ ఉంది, కుట్టడం మాత్రం ఆయన చేత్తోనే. అంగడి వెనక చిన్న మసీదు ఉంది. తెల్లవారుజామున అక్కడ అజాన్ ఇచ్చేది నాయనే. ఎవరూ పెట్టింది కాదు, జీతం లేదు, ఆయనంతట ఆయన నెత్తిన వేసుకున్న పని. ఆయన గొంతు బాగుండదని జాకీర్ ఎగతాళి చేసేవాడు. నిజంగానే బాగుండదు. అయితే ఒక్కరోజు ఆ గొంతు వినిపించకపోతే వీధిలో వాళ్లు బుడన్‌సాబ్‌కు ఏమైందని ఇంటికొచ్చి అడిగేవాళ్లు.

హిందూపురంలో చూపించాం. రక్తపరీక్ష చేశారు, ముక్క తీసి పంపారు, బెంగళూరులో స్కానింగ్ తీయించారు. డాక్టరు మంచివాడు, దాచనూ లేదు, భయపెట్టనూ లేదు. ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సర్ అని నాయన ముఖం చూసే చెప్పాడు. కాస్త చురుకైన రకమే గానీ బయటికి పాకలేదు, ఇప్పుడు ఆపరేషన్ చేసి తీసేస్తే పూర్తిగా పోయే అవకాశం బాగా ఉందన్నాడు. రెండో దారి రేడియేషన్, అంటే కరెంటు పెట్టించుకోవడం, దానితోపాటు సూదులు. దానికి వారాల తరబడి బెంగళూరుకు తిరగాలి. ఏ దారిలో ఏ కష్టమో కూడా విడమరిచాడు. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు మూత్రం అదుపులో ఉండదు, తెలియకుండా కారుతుంది, చాలామందికి సర్దుకుంటుంది, కొందరికి కొంచెం మిగిలిపోతుంది. కరెంటు పెట్టించుకున్నా కొందరు ఆపుకోలేరు. ఎటు తేల్చుకున్నా ఆలస్యం మాత్రం చేయొద్దన్నాడు. నేను అందులో 'పూర్తిగా పోయే అవకాశం' అన్న మాటను గట్టిగా పట్టుకున్నాను. నాయన ఏ మాట పట్టుకున్నాడో అడగాలని తోచలేదు.

బయటికొచ్చి టీ తాగుతూ ఉంటే అన్నాడు.

"నాకు ఆ రెండూ వద్దు పాపా. అల్లా ఎన్నాళ్లు రాసింటే అన్నాళ్లు."

కత్తికి భయపడుతున్నాడనుకున్నాను. పరుపు సూది వేలిలో దిగినా అరవని మనిషి కత్తికి ఎందుకు భయపడతాడని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది. నాకు ఆలోచన కంటే కోపం ముందొస్తుంది. మత్తిస్తారు, నొప్పి తెలియదు, ఇప్పుడు మిషన్లతో చేస్తారు, కోత చిన్నది అని ఆయన అడగని ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పాను. పెనుకొండ వచ్చేదాకా రైల్లో చెబుతూనే ఉన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ తల ఊపాడు.

ఆ తర్వాత నాకు ఇంకో గొప్ప ఆలోచన వచ్చింది. రొద్దం నుంచి రంగప్ప అని ఒక రైతు మా నాయన దగ్గర పరుపులు చేయించుకునేవాడు. ఇద్దరూ వయసులో ఉన్నప్పటినుంచీ స్నేహితులు. రంగప్పకు అంతకు రెండేళ్ల ముందు ఇదే ఆపరేషన్ అయింది, ఇప్పుడు మోటారు సైకిలు మీద తిరుగుతున్నాడు. మగవాళ్ల సంగతి మగవాడు చెబితే వింటాడని ఆయన్ను నేనే పిలిపించాను. రంగప్ప వచ్చి అంగడిలో కొత్త పరుపు మీద కూర్చుని చాలాసేపు చెప్పాడు. నేను లోపల టీ కాస్తూ ఉంటే ఇద్దరి నవ్వులూ వినిపించాయి. ఆర్నెల్లు చంటిబిడ్డ మాదిరి గుడ్డలు కట్టుకుని తిరిగినాను బుడన్‌సాబూ, గుడి గడప కూడా తొక్కలేదు, ఇప్పుడు చూడు ఎట్లుండానో అని రంగప్ప అనడం విన్నాను. భలే చెప్పాడనుకున్నాను. పోయేటప్పుడు ఆయన చేతికి ఒక దిండు కూడా ఇచ్చి పంపాను.

మర్నాడు నాయన అమ్మ ద్వారా కబురు పంపాడు. ఆపరేషన్ మాట ఇంక ఎత్తొద్దని.

జాకీర్ ఆయన పక్షం చేరాడు. నాయన బతుకు నాయన ఇష్టం, బలవంతంగా కోయిస్తామా అన్నాడు. నీకు సెలవు పెట్టి ఆస్పత్రిలో ఉండటం బరువైంది, అందుకే ఈ నీతులని నేనన్నాను. అది అబద్ధం, కోపంలో నోరు జారింది. ముదిగుబ్బ దగ్గర ఎవరో నాటు మందు ఇస్తారంటే నాయన అది తెచ్చుకుని నల్లటి ఉండలు మింగేవాడు. హిందూపురం డాక్టరు మూడు నెలలకోసారి రక్తపరీక్షకు రమ్మంటే ఒక్కసారి పోయి మానేశాడు. నేను పెనుకొండ పోయినప్పుడల్లా ఆపరేషన్ మాటే ఎత్తేదాన్ని, ఆయన లేచి అంగడికి పోయేవాడు. చివరికి ఒకరోజు, నీ ఇష్టం నాయనా, నాకేమీ చెప్పొద్దు అని బస్సెక్కాను. కొన్ని నెలలు ఫోన్‌లో బాగుండావా అంటే బాగుండానన్నదాని కంటే మా మధ్య వేరే మాట లేదు.

బాగున్నట్టే ఉండేది కూడా. తిండి తినేవాడు, పరుపులు కుట్టేవాడు, అజాన్ ఇచ్చేవాడు. అదే మమ్మల్ని మోసం చేసింది.

మొదట నడుం నొప్పి అన్నాడు. పరుపులు ఎత్తి దించే మనిషికి నడుం నొప్పి రాక ఏం వస్తుందని జాకీర్ బామ్ తెచ్చిచ్చాడు. తర్వాత నమాజులో నుదురు నేలకానించి సజ్దా చేసి లేవడం కష్టమైంది. కుర్చీ వేసుకుని నమాజు చదువుతున్నాడని అమ్మ చెప్పింది. జాకీర్‌ను వెంటబెట్టుకుని నాయన్ను బెంగళూరు తీసుకుపోయాం. ఈసారి ఆయన వద్దనలేదు, నొప్పి అంతగా ఉంది.

స్కానింగ్ చూసి అక్కడి డాక్టరు మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిచింది. నాయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. నడుం ఎముకల్లోకీ తుంటిలోకీ పాకిందని చెప్పింది. సూదులు, మాత్రలు ఉన్నాయి, నొప్పి తగ్గుతుంది, కొన్నేళ్లు అణిచిపెట్టొచ్చు, భయపడొద్దని ధైర్యం చెప్పింది. ఆపరేషన్ అని నేను అడగబోయాను. ఇప్పుడు దానితో ప్రయోజనం లేదమ్మా, గ్రంథి దాటి బయటికొచ్చేసింది, ఆ సమయం పోయింది అంది. ఎంతో మెల్లగా అంది. నన్ను గోడకేసి కొట్టినట్టే అయింది.

రైల్లో నాయనకు చెప్పలేదు. హిందూపురం స్టేషన్‌లో జాకీర్ దిగిపోతూ నా వైపు చూశాడు. నువ్వే చెప్పు అని ఆ చూపు. మనసులో బాగా తిట్టుకున్నాను. మేమిద్దరం పెనుకొండలో దిగి ఇల్లు చేరేసరికి మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ అయింది. ఎవరో కుర్రవాడి గొంతు, బాగానే ఉంది. అన్నం తిన్నాక చెప్పాలని నిర్ణయించుకున్నాను.

అమ్మ కుర్చీ వేసి, నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు నీళ్లు పెట్టింది. నాయన కదల్లేదు. ముఖం గోడవైపు తిప్పుకుని మంచం అంచున కూర్చున్నాడు. నమాజు పోతాది, లేవండని అమ్మ రెండుసార్లు అంది. మూడోసారి అనేసరికి విసుక్కున్నాడు.

"నేను పాకు లేను, శుద్ధంగా లేను. రైల్లో నాకు తెలియకుండానే పోయింది. స్నానం చేసినా మళ్ల పోతాది. ఎట్ల చదివేది?"

నేను గదిలో ఉన్నానన్న సంగతి మరచిపోయి అన్నాడు. గుర్తు రాగానే సిగ్గుతో తల దించుకున్నాడు. నేను లేచి వంటింట్లోకి పోదామనుకున్నాను. అమ్మ మాత్రం ఆశ్చర్యంగా ఆయన్ను చూసింది. మా అమ్మ మున్నీబీ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆగకుండా పోయేవాళ్లకు వేరే లెక్క ఉంది, కడుక్కుని గుడ్డ మార్చుకుని, ఒక్కో నమాజుకు కొత్తగా వజూ చేసుకుని చదవడమే, నడుమ కారినా నమాజు చెడదు అంది.

"నీకెవరు చెప్పినారు?" అన్నాడు నాయన.

"మసీదు హజ్రత్ ఇంటావిడ చెప్పింది. గర్భసంచి తీసేయకముందు నాకు ఏడాది రక్తం ఆగకుండా పోతాండె కదా. ఏడాదంతా అట్లనే చదివినా, ఈ గదిలోనే, మీరు ఆ మంచం మీద ఉండంగానే."

ఆ లెక్క నాకూ తెలుసు. పెద్దమనిషినైన ఏడాదే అమ్మ నేర్పింది. మా ఇంటి ఆడవాళ్లందరికీ తెలుసు, షాహిస్తాకూ తెలుసు. ఆడవాళ్ల రక్తం సంగతి కాబట్టి అది ఆడవాళ్ల దగ్గరే ఉండిపోయింది. రోజూ తెల్లవారి ఊరిని నమాజుకు పిలిచే మనిషి చెవిన ఎవరూ వేయలేదు.

అది ఆడోళ్లకు కదా అని నాయన గొణిగాడు. అమ్మతో వాదించకుండా నేనే మసీదులో నమాజు చేయించే హజ్రత్‌కు ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాను. నాయన ఫోన్ పట్టుకుని గోడవైపు తిరిగి లోగొంతుతో అడిగాడు. హజ్రత్ కూడా అదే చెప్పాడు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే లెక్క, ఎంత మాత్రం మానకండి బుడన్‌సాబ్ అన్నాడంట. మంచినీళ్లు తాగినంత సేపు కూడా పట్టలేదు.

నాయన ఫోన్ నాకిచ్చాడు. తర్వాత నాతోనే నేరుగా మాట్లాడాడు. నడుం కింది సంగతి నాతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"ఆపరేషన్ వద్దన్నది దీనికే పాపా. కారతానే ఉంటాదని ఆ డాక్టరు చెప్పె కదా. రంగప్ప కూడా ఆర్నెల్లు గుడికి పోలేదనె. మసీదుకు పోకుండా, నమాజు లేకుండా ఆ బతుకు నాకేంటికి అనుకుంటి. నీకు ఎట్ల చెప్పేది?"

కత్తి గురించి ఆయనకు నేను చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఎంత వాగాను. నేనూ అమ్మా మూడు మాటల్లో తీర్చగలిగే సందేహాన్ని కడుపులో పెట్టుకుని ఈ మనిషి ఏడాదికి పైగా నల్లటి ఉండలు మింగాడు. నేనేమో అలిగి బస్సెక్కాను.

నాయన ముఖం తేటపడింది. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో నెమ్మది చూశాను, అదే నన్ను చంపింది.

"ఇంగేం భయం లేదులే. రేపే ఆ హిందూపురం డాక్టరుకు ఫోన్ చెయ్. కోయమను. నేను తయారుగా ఉండానని చెప్పు."

అమ్మ అప్పటికే లేచింది. ఆస్పత్రికి లుంగీలు ఎన్ని కావాలో, గుడ్డలు ఎన్ని చింపి పెట్టాలో తనలో తాను అనుకుంటూ ట్రంకుపెట్టె తెరిచింది. కూర్చో అమ్మా అన్నాను. వినలేదు. దగ్గరికి పోయి చేయి పట్టుకుని తెచ్చి నాయన పక్కన కూర్చోబెట్టాను.

డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. సూదులున్నాయనీ, నొప్పి తగ్గుతుందనీ, ఏళ్లు గడుస్తాయనీ ముందుగా చెప్పాను. ఆపరేషన్ మాట ఆఖరున చెప్పాను.

"ఇప్పుడు చెయ్యరంట నాయనా. అప్పుడైతే చేసేవాళ్లంట."

కోప్పడతాడేమో అనుకున్నాను. ఏడుస్తాడేమో అనుకున్నాను. నా వైపు చూడను కూడా చూడలేదు. అమ్మ వైపు తిరిగాడు.

"మనమిద్దరం ఒక ఇంట్లోనే కదా ఉండింది, మున్నీ," అన్నాడు.