కుడిబుగ్గ సీసా

అమలాపురంలో రమణి బ్యూటీపార్లరుకి ఎవరొచ్చినా ముందు అక్కడ పనిచేసే జాస్మిన్ మొహం చూడాల్సిందే. రమణి ఆ పిల్ల గడ్డం పట్టుకుని లైటు కిందకి తిప్పుతుంది.

"చూసేరా అండీ, ఎడమవైపు మన నియాసినమైడ్ సీరం రాసేం. కుడివైపు ఉత్త జెల్. మూడు నెలలు. తేడా మీరే చెప్పండి."

ఎడమబుగ్గ మీద చర్మరంధ్రాలు కనీకనబడనట్టున్నాయి. కుడిబుగ్గ జల్లెడలా ఉంది. వచ్చినవాళ్లు అయ్యో అంటూనే సీరం కొనుక్కుపోతారు. సంతలో గేదె పళ్లు చూసినట్టు చూస్తారు, సిగ్గులేని జనం.

జాస్మిన్‌కి కావలసింది ఒక్కటే, రెండు బుగ్గలూ ఒకేలా ఉండడం. చర్చిలో కూడా కుడివైపుకి చున్నీ లాక్కుని కూర్చుంటోంది. ఈ సీరం పరీక్ష పూర్తయ్యాక కుడివైపు కూడా సీరం రాస్తానని రమణి మాటిచ్చింది. ఆ మాట నమ్మి పూటపూటా రెండు సీసాలూ రాసుకుంది, వెర్రిబాగులది.

ఒకరోజు ఫోనులో పాత ఫొటోలు తీసేస్తుంటే క్రిస్మస్ నాటిది కనబడింది. పరీక్షకి ముందుది. పెద్దది చేసి, అద్దం పక్కన పెట్టి చూసుకుంది. ఎడమబుగ్గ అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అప్పుడు కుడిబుగ్గా ఎడమదానిలాగే ఉంది. సీరం బాగుచేసిందేమీ లేదు, రెండో సీసా పాడుచేసింది. జాస్మిన్‌కి ఒళ్లు మండిపోయింది.

"మేడమ్‌గారూ, ఆ జెల్లులో ఏం కలిపేరండీ?"

రమణి దాచలేదు. కత్తెర తుడుచుకుంటూ నవ్వింది.

"జిడ్డు క్రీము. లేకపోతే తేడా ఎక్కణ్ణించి వస్తదమ్మా? మానేస్తే నెమ్మదిగా సర్దుకుంటదిలే. చూపించడానికి ఇంకో మొహం తెచ్చిపెట్టి, నువ్వు రాసుకోడం మానెయ్. అందాకా రాసుకుంటావో, పని మానుకుంటావో నీ ఇష్టం."

ఆ జీతంతోనే ఇల్లు గడుస్తోంది. జాస్మిన్ సాయంత్రం మళ్లీ రాసుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పక్కింటి ఏసుదాసుగారమ్మాయి సుస్మిత దగ్గరికొచ్చింది. డిగ్రీ చదువుతోంది.

"అక్కా, నా ముక్కు పక్కన పోర్స్ కనబడతన్నాయి. మీ సీరం పనిచేస్తదా?"

జాస్మిన్ ఆ బుగ్గలకేసి చూసింది. నున్నగా, మచ్చుకైనా రంధ్రం లేకుండా ఉన్నాయి. నీకేం అక్కర్లేదని ఒక్కమాట అంటే పోయేది. అనలేదు. తల తిప్పి ఎడమబుగ్గ చూపించింది.

"ఆయ్, బాగా పనిచేస్తది. రేపు పార్లరుకి రా. నీకు ఊరికే రాస్తాం."

మర్నాడు సుస్మిత కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. రమణి రెండు సీసాలూ జాస్మిన్ చేతికే ఇచ్చింది. కుడివైపు కాస్త ఎక్కువే రాసింది జాస్మిన్. ఈ పిల్ల బుగ్గ ఎంత తొందరగా పాడైతే తనకి అంత తొందరగా విడుదల.

"చల్లగా ఉందక్కా," అంది సుస్మిత కళ్లు తెరవకుండానే. "నీ మేలు మర్చిపోను."

జాస్మిన్ ఇంకో చుక్క వేసి, మునివేళ్లతో అంతా ఇంకేదాకా మెల్లగా రుద్దింది.