చివరి పలక

ఈ గోడ వద్దని చెవినిల్లు కట్టుకుని చెప్పాను. ఇవతల మా ముందు గది, అవతల స్నానాల గది, గోడ లోపల్నుంచి నీళ్ళ పైపు. మా ఆయన వింటేనా. వీధి తలుపు తీయగానే కనబడేది ఈ గోడేనట.

కనబడాల్సింది మా బావగారికి. ఆయన వడ్రంగి షాపులోనే మా ఆయన పెళ్ళికి ముందు నుంచీ పనిచేశాడు. కిందటేడు రంపం మిషను మణికట్టు దగ్గర నరం తెంపింది. కుట్లు మానాయి గానీ వణుకు పోలేదు. నయమైపోయిందని బావగారికి ఇద్దరం అబద్ధమే చెబుతూ వచ్చాం. “అయితే మీ ఇంట్లో ఓ గోడకి చెక్క పలకలు బిగించి చూపించరా, మళ్ళీ పనిలో పెట్టుకుంటాను” అన్నారాయన. ఈ సాయంత్రమే చూడ్డానికి వస్తానన్నారు. ఆ షాపు తప్ప మా ఆయనకి వేరే లోకం లేదు. ఇంట్లో కూర్చోబెడితే పాపం, కుర్చీల కాళ్ళన్నీ చిత్రిక పట్టి సన్నం చేసేశాడు.

పలకలు అందంగానే కుదిరాయి. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యలో నిలబడింది. చివరి పలక ఒక్కటే మిగిలింది. పైపు ఎక్కడుందో తెలియక కాదు, సుద్దతో గీత గీసుకునే ఉన్నాడు. డ్రిల్లు ఆనించగానే చెయ్యి వణికి, మొన జారి ఆ గీత మీదకే పోయింది. నీళ్ళు మొహాన కొట్టాయి.

నేను ఇంటి పక్క సందులోకి పరిగెత్తి వాల్వు తిప్పాను. పాడు వాల్వు, పట్టుకుని ఉన్నంతసేపే నీళ్ళు ఆగుతాయి. ఆయన లోపల కన్నానికి సీలు ముద్ద పెడుతున్నాడు. కాసేపటికి కిటికీలోంచి గొంతు వినబడింది.

“వదిలెయ్యవే. ఇంక వదిలెయ్.”

హమ్మయ్య, అతికిందనుకుని వాల్వు వదిలేశాను. లోపలికొచ్చి చూద్దును కదా, పలకల సందుల్లోంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి. ఆయన నేల మీద కూలబడి, కుడి చేతిని చంకలో అదిమి పెట్టుకున్నాడు.

“నేను వదిలెయ్యమంది నీళ్ళు కాదే, ఈ పని. ఆ ముద్ద కూడా పెట్టలేకపోయాను.”

“చెప్పడానికి ఇంకో మాట దొరకలేదా మీకు?” అని అరిచి, మళ్ళీ పరిగెత్తి వాల్వు పట్టుకున్నాను. పట్టుకున్నాక ఏడుపొచ్చింది.

అప్పుడే గేటు చప్పుడైంది. బావగారు.

“ఏమ్మా, ఇక్కడ నిలబడ్డావు? వాడేడీ?”

ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యాలనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ రేపు ఇదే చెయ్యి రంపం ముందు పెడతాడు కదా అనిపించింది.

“ఆయన చెయ్యి ఇంకా వణుకుతోంది బావగారూ. మీకు అబద్ధం చెప్పాం.”

బావగారు లోపలికి వెళ్ళారు. కిటికీలోంచి ఆయన గొంతే వినబడింది.

“పలకలు బాగా కుదిర్చావురా. కానీ షాపుకి మాత్రం రావద్దు. నిన్ను మిషను ముందు నిలబెట్టి నేను నిద్రపోలేను.”

తర్వాత మా ఆయన ఏడుపు వినబడింది. చెయ్యి తెగిన రోజున కూడా కన్నీరు పెట్టని మనిషి గొల్లుమని ఏడుస్తున్నాడు. పక్కన కూర్చోవాలి నేను. చెయ్యి తీస్తే నీళ్ళొస్తాయి. వాల్వు పట్టుకుని వింటూ నిలబడ్డాను.