ఉడుకునీళ్ల గొట్టం

డిసెంబరులో చలి ముదిరిన ఒక పొద్దున, కంపెనీవాళ్లు గొట్టానికి సిమెంటు కొట్టి మూసేస్తుంటే మేమంతా ఖాళీ బకెట్లతో నిలబడి చూశాం.

నాచారంలో బట్టలకు రంగులద్దే కంపెనీ అది. బాయిలర్ ఆవిరి పని ముగించుకుని, నీళ్లయి, వెనక గోడలోని ఆ గొట్టం నుంచి పొగలు కక్కుతూ మోరీలో పడేది. మా బస్తీ చలికాలాలన్నీ ఆ నీళ్లతోనే గడిచాయి. మొదటి బకెట్ బాలింతకు, ఆ తర్వాత రోగమున్న ఇంటికి, మిగిలింది అందరికీ. నడవలేనివాళ్లకు పక్కింటివాళ్లే మోసుకెళ్లి ఇచ్చేవాళ్లు.

మరి ఎందుకు మూశారంటారా? మా కృతజ్ఞతే మా కొంప ముంచింది. అంతకు నెల ముందు మా బస్తీ లీడరు బాలరాజు, కంపెనీ మేనేజరు విజయభాస్కర్ ఫొటోతో ఫ్లెక్సీ వేయించి ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద కట్టాడు. 'మా బస్తీకి వేడినీళ్లిస్తున్న దాతకు ధన్యవాదాలు.' దాని కింద నిలబడి ఫొటోలు కూడా దిగాం. యజమాని కారులో పోతూ అది చూశాడు. తన సొత్తు దానం చేయడానికి నువ్వెవడివని మేనేజరును నిలదీశాడు. మేనేజరు గొట్టం మూయించి తన కుర్చీ కాపాడుకున్నాడు. మోరీలో పోయినన్నాళ్లు అవి ఎవరికీ పట్టని నీళ్లే. మా ఒంటి మీద పడుతున్నాయని తెలిశాక సొత్తయ్యాయి.

మా బస్తీ బిక్షపతి ఆ బాయిలర్ దగ్గరే ముసలివాడయ్యాడు. బొగ్గు పొగ అతని ఊపిరితిత్తులు తినేసింది. చలికాలం పొద్దున్నే ఆవిరి పట్టించి, ఒళ్లు కాపితే గానీ ఊపిరి తిరగదు. భార్య సారలమ్మ చిల్కానగర్ ఇళ్లలో అంట్లు తోముతుంది. వాళ్ల గ్యాస్ బండ అన్నం వండుకోవడానికే చాలదు. అందుకని మేం వంతులు వేసుకున్నాం. రోజుకో ఇల్లు అతనికి నీళ్లు కాచింది. అట్టపెట్టెలు, విరిగిన చెక్కలు, ఆఖరికి పాత చెప్పులు కూడా కాల్చాం. ఆ పొగకు అతని దగ్గు ఇంకా పెరిగింది. చూస్తూ చూస్తూ మేమే అతని గొంతు నులుముతున్నట్టుండేది. వేరే దారి లేదు.

కమ్యూనిటీ హాలు ముందు మీటింగు పెట్టుకున్నాం.

"జర ఓపిక పట్టున్రి. సారు మంచోడే, నేను మళ్ల మాట్లాడత," అన్నాడు బాలరాజు.

"మంచోడని దండం పెడితేనే గదా మూసిండు," అంది సారలమ్మ. "బాయిలర్ల మంట పెట్టింది మా ముసలాయన. గా నీళ్లు వాడు ఇచ్చుడేంది? పోయి గేటు కాడ కూసుందాం."

ఇప్పుడు ఆ బాయిలర్ మీద పనిచేసే కాంట్రాక్టు కూలీ కనకరాజు లేచాడు. "మీరు కూసుంటే లోపలున్న మా నౌకరీలు పోతయ్ అక్కా."

"కూసోకుంటే మనుషులే పోతరు తమ్మీ."

ఏమీ తేల్చకుండానే ఎవరిళ్లకు వాళ్లం పోయాం. ఆ వారంలోనే, దవాఖానాకు ఆటో వచ్చేలోపే, బిక్షపతి పోయాడు.

చివరి స్నానానికి ఎవరో పొయ్యి వెలిగించబోతే సారలమ్మ ఆపింది. "వద్దు. కంపెనీ కాడికి మోయున్రి."

గేటు ముందు బల్ల వేసి శవాన్ని పడుకోబెట్టాం. మేనేజరు మనిషిని పంపాడు, అంత్యక్రియల ఖర్చు ఇస్తామని.

"పైసలు మీ కాడనే ఉంచుకోన్రి. ఒక్క బకెట్ ఉడుకునీళ్లు పంపున్రి. ఏండ్లకేండ్లు ఆయన కాసిన నీళ్లే గవి," అంది సారలమ్మ.

నీళ్లు రాలేదు. పోలీసులకు ఫోన్ పోయింది. అప్పుడు గేటులోని చిన్న తలుపు తెరుచుకుంది. కనకరాజు పొగలు కక్కే బకెట్‌తో బయటికొచ్చాడు. అతని వెనక షిఫ్టులోని మనుషులు ఇంకొందరు, తలా ఒక బకెట్. "బయటికి పోయినవాడు మళ్లీ లోపలికి రాడు," అని మేనేజరు అరుస్తున్నాడు.

"పట్టు అక్కా, సల్లారుతది," అన్నాడు కనకరాజు.

పోలీసులు వచ్చేసరికి ఆడవాళ్లు శవం చుట్టూ కట్టిన వలయంలో స్నానం సాగుతోంది. అది ముగియగానే కనకరాజునూ అతని తోటివాళ్లనూ వ్యాన్‌లో ఎక్కించారు. దొంగతనమట. నీళ్ల దొంగతనం.

గొట్టం తెరుచుకోలేదు. తెరుచుకుంటుందన్న ఆశ కూడా మాలో ఎవరికీ లేదు. మగవాళ్లు శవాన్ని కాటికి తీసుకెళ్లారు. సారలమ్మ ఇంటికి పోలేదు. తడిచీరతోనే పోలీసు స్టేషన్ మెట్ల మీద కూర్చుంది.

"మొగుడు చచ్చిన రోజు ఇంట్ల ఉండక ఇక్కడేం పనమ్మా?" అన్నాడు ఎస్సై.

"పోయినోడు పోయిండు సారూ. లోపలున్నోళ్లు బతికున్నరు. వాళ్ల కోసం వచ్చిన."

చలికి ఆమె పళ్లు కొట్టుకుంటున్నాయి. మేం దగ్గరికి జరిగి, ఆమెను ఆనుకుని కూర్చున్నాం. లేవమన్నారు, లాఠీ చూపించారు. ఎవరూ లేవలేదు.