మొదటి గడిలో పెద్దోడు

పాత వీడియో గేములు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ క్యాసెట్ డాక్టర్ అంటారు. మొదట్లో వెక్కిరింతకే అన్నారు గానీ, ఆయన ఆ పేరుకి పొంగిపోయి బోర్డు మీద కూడా అదే రాయించుకున్నాడు. పనితనం ఉన్న మనిషే, కాదనలేం. కాస్త గొప్పలు పోతాడు, అంతే.

కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఒకావిడ, నలభై దాటిన మనిషి, సోమవారం పొద్దున్నే ఒక వీడియో గేము క్యాసెట్‌ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది. కోటలో తిరుగుతూ ఒక్కో తలుపూ తెరుచుకుంటూ పోయే యోధుడి ఆట అది. అలాంటి క్యాసెట్ లోపల చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. ఆట ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునేది అదే. అది అయిపోయిందా, గుర్తున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ లోపే కొత్తది వేయించుకుందామని ఆవిడ వచ్చింది.

ఆట పెట్టగానే తెర మీద మూడు గడులు, ఒక్కో దాంట్లో ఒక్కొక్కరు ఆపిన ఆట దాచుకోవచ్చు. మొదటి దాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో ‘పెద్దోడు’, రెండో దాంట్లో ‘చిన్నది’, మూడోది ఖాళీ. పెద్దోడు ఆవిడ అన్నయ్య. పదహారో ఏట జబ్బు చేసి పోయాడు. చివరి తలుపు ముందు ఆట ఆపి ఆసుపత్రికి వెళ్లాడట. నేనొచ్చేదాకా లోపలికి వెళ్లొద్దని చెల్లెలికి గట్టిగా చెప్పి మరీ వెళ్లాడట. ఆవిడ ఇప్పటికీ వెళ్లలేదు. ఆదివారాలు టీవీ ముందు కూర్చుని, తలుపు ముందు నిలబడ్డ యోధుణ్ణి కాసేపు చూసి కట్టేస్తుంది.

“అన్నయ్యది పోకూడదండీ. నాది పోయినా పర్లేదు,” అంది.

“నిద్రపోతున్న పసిపిల్ల కింద పక్కగుడ్డ మార్చినట్టు మారుస్తానమ్మా. మీ అన్నయ్యకి మెలకువ కూడా రాదు,” అన్నాడు డాక్టర్. అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

అన్నంత పనీ చేశాడు. పక్కనుంచి వేరే బ్యాటరీ తీగలు తగిలించి, క్షణం కూడా కరెంటు తెగకుండా పాతది ఊడదీసి కొత్తది అతికించాడు. టీవీకి పెట్టి చూస్తే మూడు గడులూ చెక్కుచెదరలేదు.

అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది. కానీ ముప్పై ఏళ్లుగా ఆయనకో పద్ధతుంది. బ్యాటరీ మార్చాక మొదటి గడిలో కొత్త ఆట మొదలుపెట్టి, యోధుణ్ణి నాలుగడుగులు నడిపించి, సేవ్ చేసి కట్టేస్తాడు. పది లెక్కపెట్టి మళ్లీ పెడతాడు. ఆ నాలుగడుగులూ గుర్తుంటే బ్యాటరీ పనిచేస్తున్నట్టే. ఆయన దగ్గరికొచ్చే క్యాసెట్లన్నీ బ్యాటరీ చచ్చి ఖాళీ అయినవే కాబట్టి, ఇన్నేళ్లలో ఎవరి కొంపా మునగలేదు. ఆ రోజు ఫోన్లో భార్య నీళ్ల మోటారు గురించి ఏదో చెబుతుంటే ఊకొడుతున్నాడు. చేతుల దారిన చేతులు పనిచేసుకుపోయాయి. పాతది చెరిపేయాలా అని ఆట అడిగే ఉంటుంది. అవునని నొక్కే ఉంటాడు. పది లెక్కపెట్టి పెడితే మొదటి గడిలో పెద్దోడు లేడు. ఆయన ఎప్పుడూ పెట్టే ‘టెస్ట్’ ఉంది.

ఫోన్ చేసి నిజం చెప్పడానికి నోరు రాలేదు. దానికి బదులు ఒక పాడు తెలివి పుట్టింది. ఆ ఆట ఆయనకి కొట్టిన పిండి. మొదటి గడికి ‘పెద్దోడు’ అని పేరుపెట్టి మళ్లీ మొదటి నుంచీ ఆడటం మొదలుపెట్టాడు. వారమంతా ఇంకో పని ముట్టుకోలేదు. ఇంటికి కూడా పట్టుకెళ్తే, మనవలకి లేని సరదా మీకెందుకని భార్య దెప్పింది. సరదా ఎక్కడ, పాపం. శనివారం మధ్యాహ్నానికి యోధుణ్ణి చివరి తలుపు ముందుకి చేర్చి, బల్ల మీద తల ఆన్చుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

ఆదివారం ఆవిడ వచ్చింది. షాపు టీవీలోనే పెట్టి చూపించాడు. పెద్దోడి పేరు కనబడగానే ఆవిడ ముఖం విప్పారింది. మొదటి గడి తెరిచింది. తలుపూ ఉంది, తలుపు ముందు యోధుడూ ఉన్నాడు. చూస్తూ చూస్తూ ఆవిడ తెర పై మూలకి వేలు పెట్టింది. అక్కడ యోధుడికి ఇంకెంత ప్రాణం మిగిలిందో చూపించే ఆరు ఎర్ర గుండెలు, ఆరూ నిండుగా ఉన్నాయి. ఎంతైనా ఆడింది చెయ్యి తిరిగినవాడు కదా.

“మా అన్నయ్యకి ఒక్కటే మిగిలిందండీ. అందుకే లోపలికి వెళ్లడానికి భయపడ్డాడు,” అంది.

డాక్టర్ ఇంక దాచలేకపోయాడు. ఫోన్లో ఊకొట్టిన దగ్గర్నుంచి వారం రోజుల దొంగాట దాకా అంతా చెప్పేశాడు. తిడితే పడదామని తలొంచుకుని నిలబడ్డాడు. ఆవిడ తిట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

“బ్యాటరీ మార్చాక మూడు గడులూ చూశానన్నారుగా. అప్పుడు మా అన్నయ్య పేరుందా?”

“ఉందమ్మా. అన్నిటికంటే పైన ఉంది.”

“అయితే చివరిసారి చూసింది మీరే.” ఆవిడ లేచి ఆట కట్టేసింది. “ఆసుపత్రిలో అప్పుడూ అంతేనండీ. చిన్నపిల్లనని నన్ను ఇంటికి పంపేశారు. అన్నయ్యని చివరిసారి ఎవరో నర్సమ్మ చూసిందట.”