మొగలి డొంకల ఒడ్డు

బురదకు వాసన ఉంది.

పైన ఉప్పు వాసన. దాని కింద కుళ్ళిన ఆకుల వాసన. ఇంకా కిందికి పార దిగితే — ఏ వాసనా లేదు. నల్లగా, మెత్తగా, చల్లగా ఉంటుంది... ఏ వాసనా లేని ఆ బురదకే అందరూ భయపడుతున్నారు.

బుల్లమ్మ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని అందులో నిలబడింది. చేతులకు రబ్బరు తొడుగులు. మూతికి గుడ్డ. యాభై ఎప్పుడో దాటిన మనిషి. పుట్టినప్పటి నుంచీ ఈ ఒడ్డున వట్టి కాళ్ళతో తిరిగిన మనిషి.

ఇప్పుడు కాలికి నేల తగలడం లేదు.

ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన ఒక పాయ. పాయ ఒడ్డున మొగలి డొంకలు. డొంకల వెనక, మూతపడిన కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ. సోడా తీయడానికి పాదరసం వాడేవారు. వాడగా మిగిలింది కాలవలో పడేది. కాలవ పాయలో పడేది. పాయ ఏమీ అనేది కాదు.

ఏళ్ళ తరబడి ఏమీ అనలేదు.

ఛత్రపూర్‌లో జిల్లా ఆఫీసుల చుట్టూ తిరగడాలు, కోర్టులు, వచ్చి చూసి పోయిన జీపులు — అన్నీ అయ్యాక ఇప్పటికి బురద ఎత్తే పని మొదలైంది. మట్టి పరీక్ష చేసి, విషం తేలిన చోటల్లా పసుపు జెండా పాతారు. జెండాలున్న మేర యంత్రం తవ్వుతుంది. యంత్రం దూరని చోట ఆడవాళ్ళు పారలతో ఎత్తి సంచులు నింపుతారు. సంచులు లారీ ఎక్కుతాయి. లారీ మళ్ళీ ఆ ఫ్యాక్టరీ గేటులోకే పోతుంది. లోపల ఒక పెద్ద గొయ్యి. అడుగున నల్ల ప్లాస్టిక్.

ఫ్యాక్టరీ నుంచి వచ్చింది ఫ్యాక్టరీలోకే చేరుతోంది.

మధ్యలో ఒక బతుకు గడిచిపోయింది.

*

కాసులు ఆ ఫ్యాక్టరీలో పనిచేశాడు. బుల్లమ్మ మొగుడు. వాళ్ళ నాన్న సముద్రం మీద బతికితే, తను గోడల మధ్య బతుకుదామనుకున్నాడు. నేల మీద దొర్లిపోయే పాదరసాన్ని చీపురుతో పోగుచేసే పని. పెళ్ళైన కొత్తలో ఒకరోజు అగ్గిపెట్టెలో ఒక చుక్క తెచ్చి ఆమె అరచేతిలో పోశాడు.

అది పరుగెత్తింది. విడిపోయింది. మళ్ళీ కలిసింది.

ఇద్దరూ నవ్వారు. అరచేతిలో చందమామ ముక్క అనుకున్నారు. అప్పుడు వాళ్ళకేం తెలుసు... చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

తర్వాత ఆడపిల్ల పుట్టింది. మెడ నిలబడలేదు. కళ్ళు ఒక చోట ఆగలేదు. బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తీసుకొచ్చేశారు. ఎందుకిలా అయిందో ఎవరూ చెప్పలేదు. పేరు పెట్టకముందే పోయింది.

పసిబిడ్డల్ని కాల్చరు. ఏటి ఒడ్డున పూడుస్తారు. తల్లి వెంట వెళ్ళకూడదు.

బుల్లమ్మ వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి చూసింది. కాసులు తువ్వాలులో చుట్టుకుని మొగలి డొంకల వైపు నడిచిపోయాడు. తిరిగొచ్చినప్పుడు తువ్వాలు లేదు.

"ఎక్కడెట్టినావు?" అని ఆమె అడగలేదు.

అతను చెప్పలేదు.

ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. పిల్లలు మరి కలగలేదు. కాసులు చేతులు వణకడం మొదలైంది. ముందు బీడీ జారింది. తర్వాత వల అల్లే కండె జారింది. ఇప్పుడు టీ గ్లాసు సగమే పోసి ఆమే పట్టుకుని తాగిస్తుంది. చేతుల వెంట మాటలూ వణికాయి. మాటల వెంట జ్ఞాపకాలూ జారాయి.

*

జెండాలు ఒడ్డు వెంట పాకుతూ వచ్చాయి.

ఒక పొద్దున బుల్లమ్మ పనికొచ్చేసరికి మొగలి డొంకల ముందు వరసగా నిలబడి ఉన్నాయి. గాలికి టపటపలాడుతున్నాయి. ఆమె పార కింద పడేసింది.

పని చూసే ఇంజనీరు భారతీదేవి. బరంపురం హల్దియాపదర్‌లో ఇల్లు. తెలుగింటి పిల్లే గానీ నోట సగం ఒడియా దొర్లుతుంది; పిన్ని వయసు వాళ్ళంతా ఆమెకు మౌసీలే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది. కళ్ళ కింద నలుపు.

బుల్లమ్మ ఆమె దగ్గరికెళ్ళింది. మూతి గుడ్డ కిందికి లాగింది.

"ఆ డొంకల కింద మా గుంటుంది, అమ్మా. నా కూతురు. మట్టిలో. అంత మట్టుకు ఒగ్గీయవా?"

భారతీదేవి జెండాల వైపు చూసింది.

"మౌసీ... అక్కడే అన్నిటికన్నా ఎక్కువ ఉంది. ఒడ్డంతా తీసి అది వదిలేస్తే, ప్రతి పోటుకీ విషం మళ్ళీ పాయలో దిగుతుంది. ఎలా వదలమంటావు, చెప్పు?"

బుల్లమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు.

"రేపు యంత్రం ఆపిస్తాను. ఒక్కరోజు. అంతకన్నా నా చేతిలో లేదు. చోటు చూపించు, చేత్తో వెతుకుదాం."

చోటు!

చోటు తెలిసిన మనిషి ఒక్కడే.

*

మర్నాడు కాసులును నడిపించుకొచ్చింది. అతని చెయ్యి ఆమె భుజం మీద. ఆ చేతి వణుకు ఆమె ఒళ్ళంతా పాకుతోంది. దారిలో అతను ఎక్కడికని అడగలేదు. తెలుసో, మరచిపోయాడో...

డొంకల ముందు ఆగింది.

"మావా. గుంటనెక్కడెట్టినావు?"

ఇన్నేళ్ళకు అడిగింది.

కాసులు చూశాడు. మొగలి ఆకుల అంచులు ముళ్ళతో మెరుస్తున్నాయి. ఒక డొంక వైపు చెయ్యెత్తాడు. చెయ్యి ఆ డొంకను దాటి పక్క డొంక మీదికి ఊగింది. అక్కణ్ణుంచి నీళ్ళ మీదికి. అతను ఒకచోటే చూపిస్తున్నాడో, ఒడ్డంతా చూపిస్తున్నాడో ఎవరికీ తెలియలేదు.

"ఈడే... కాదు. నీల్లకి దూరంగా ఎట్టినానే. అప్పుడు ఏరు అంత దూరంలో ఉండీది."

ఏరు దగ్గరికి వచ్చేసింది. డొంకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒడ్డు జరిగింది. మనిషి జరిగాడు.

అతను బురదలో కూర్చుండిపోయాడు.

"మరిసిపోనానే, బుల్లీ. ఒచ్చి కూసునీవోణ్ణి... నీకు సెప్పకుండా గుంట కాడికి ఒచ్చి కూసునీవోణ్ణి. ఇప్పుడు మరిసిపోనాను."

ఆమె అతని తల పట్టుకుని పొట్టకు ఆనించుకుంది. ఏడవలేదు. ఏడుపుకు కూడా కొంత బలం కావాలి.

ఆమె చూపు పాయ మీద పడింది. నీళ్ళ అంచున పక్కింటి మంగమ్మ మనవలు పీతల బొరియల్లో చేతులు పెడుతున్నారు. మోచేతుల దాకా నల్ల బురద. ఒక పిల్ల ముక్కు తుడుచుకుంది — ఆ చేత్తోనే. కంచె కట్టారు, బోర్డు పెట్టారు, తరిమారు. పిల్లలు మళ్ళీ వస్తారు. పీతలున్న చోటికి పిల్లలు వస్తారు.

బుల్లమ్మ వాళ్ళను చూస్తూనే ఉంది.

చచ్చిపోయిన పిల్ల కోసం ఆపమంది. బతికున్న పిల్లలు అదే బురదలో ఉన్నారు.

"తియ్యండమ్మా," అంది. "యంత్రం మాత్రం ఒద్దు. నానే తీస్తాను."

*

డొంకలు నరికారు. ఆడవాళ్ళంతా కూడారు. మేస్త్రీ తాతారావు రోజంతా కేకలేసే మనిషి — ఆ పూట నోరెత్తలేదు. ఎవరూ పార వాడలేదు. చేతులతో తీశారు. పిడికెడు పిడికెడు.

వేళ్ళు. ఆకు కుళ్ళు. సీసా పెంకు. వలకు కట్టే సీసం గుండు.

తువ్వాలు దొరకలేదు. ఉప్పునీళ్ళు దేన్ని ఉంచుతాయి...

ఎండ వాలుతుండగా బుల్లమ్మ పిడికిట్లో చిన్న తెల్లని ముక్క మిగిలింది. గోరంత. ఎముకో — గవ్వ విరిగిన ముక్కో. రబ్బరు తొడుగు మీద పెట్టుకుని భారతీదేవికి చూపించింది.

చదువుకున్న పిల్ల చూసింది. తిప్పి చూసింది. "తెలీడం లేదు, మౌసీ," అంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పడానికి నిజం తెలియదు.

అక్కడి నుంచి ఏదీ ఇంటికి పోకూడదని నియమం. పిసరంత మట్టి కూడా. తాతారావు అటు తిరిగి నిలబడ్డాడు. భారతీదేవి వంగి బూటు సర్దుకుంది — సర్దుకోవడానికి అక్కడేమీ లేదు.

కొంగు ముడి దగ్గరే ఉంది. ఒక్క ముడి చాలు.

బుల్లమ్మ అరచేతిని చూసుకుంది. అప్పుడు అగ్గిపెట్టెలో ఇంటికొచ్చిన చుక్క కూడా ఈ అరచేతిలోనే పరుగెత్తింది.

తర్వాత వంగింది. సంచిలో మెత్తని మట్టి ఉన్న చోట చిన్న గొయ్యి తీసింది. ఆ ముక్కను అందులో పెట్టింది. మీద పిడికెడు మట్టి వేసింది. ఇంకో పిడికెడు. అప్పుడు వెంట వెళ్ళి చూడనివ్వని పని ఇప్పుడు తన చేతులతో చేసింది.

సంచి మూతి కట్టింది. గట్టిగా. జారిపోకుండా.

"సీతాలు," అంది లోపల. ఆ పేరే పెడదామనుకుంది అప్పట్లో. కాసులుకు కూడా చెప్పలేదు.

లారీ వచ్చింది. సంచులు ఎక్కాయి. ఏది ఏ సంచో, కాసేపటికి ఆమెకే తెలియలేదు. లారీ ఫ్యాక్టరీ గేటులోకి మలుపు తిరిగింది. దుమ్ము లేచింది... దుమ్ము పడింది.

*

గోతిలో పోసిన ఒడ్డు మీద నల్ల ప్లాస్టిక్ కప్పి మట్టి వేశారు. చుట్టూ ముళ్ళతీగ. లోపలికి ఎవరినీ రానివ్వరు.

తవ్విన ఒడ్డు మీద కొత్త ఇసుక పోశారు. తెల్లని ఇసుక. పీత బొరియ లేదు, అడుగు జాడ లేదు. భారతీదేవి వెళ్ళేముందు చెప్పింది — నీళ్ళు పరీక్షిస్తూనే ఉంటారట. చేపలు తినొచ్చో లేదో ఇంకా కొన్నేళ్ళు చెప్పలేరట. ఆమెను ఇంకో ఏటికి పంపుతున్నారట. చెబుతుంటే ఆవులింత వచ్చింది పాపం ఆమెకు.

ఒక సాయంత్రం కాసులు అక్కడికి తీసుకెళ్ళమన్నాడు. ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. అతను గుప్పెడు తీసుకున్నాడు. వణికే వేళ్ళ మధ్య నుంచి అది జలజలా రాలిపోయింది.

"ఇది ఏ ఊరి ఇసకే?"

"ఖల్లికోట కాణ్ణించి తెచ్చినారంట."

"మంచిదేనేటి?"

"మంచిదేనంట."

అతను రాలిన ఇసుకను చూశాడు. చేతిని నేల మీద ఆనించాడు — నేలైనా ఆ వణుకును ఆపుతుందేమోనని.

"మరి నాను ఏటి సూసుకుని కూసోవాల?"

బుల్లమ్మ తన చెయ్యి అతని చేతి మీద పెట్టింది.

పాయలోకి పోటు ఎక్కుతోంది. నీళ్ళు మెల్లగా పైకొచ్చాయి. తెల్లని ఇసుక తాగింది. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తాగింది.

ఆ ఇసుకకు ఇంకా ఎంత దాహముందో...

ఇద్దరూ లేవలేదు.