హెర్టా అబద్ధం

హెర్టా గడ్డంలో చిక్కుకున్న ముళ్లకాయల్ని డెట్లెఫ్ ఒక్కొక్కటే పీకుతున్నాడు. హెర్టా ద్రాట్‌హార్ జాతి వేటకుక్క, ఇనప తీగముక్కల్లా బిరుసు బొచ్చు. దువ్వెన పళ్లు విరుగుతాయి గానీ అది లొంగదు. ముప్పై ఏళ్లుగా రాడెమాఖర్ వేట అడవిలో కుక్కల్ని చూసుకోవడమే అతని బతుకు. పెళ్లి కాలేదు, ఎందుకు కాలేదని అడిగినవాళ్లూ లేరు. ఎడమచెయ్యి పొద్దుటి నుంచి లాగుతోంది. ఓట్స్ జావలో పేగులు కలిపి కుక్కకు పెట్టి, చల్లారిన కాఫీ తను తాగాడు.

చివరగా దాని మెడపట్టీకి వేలెడు తోలుముక్క కట్టాడు. తూటా తగిలి పొదల్లో పడిన జంతువు కనబడితే కుక్క ఆ తోలు నోట కరుచుకుని వస్తుంది. మనుషులు దాని వెంట వెళతారు. ఏమీ దొరక్కుండా కరుచుకొస్తే అది అబద్ధాలకోరు. కిందటి ఆదివారం హెర్టా కరుచుకొచ్చింది. నలుగురూ బురద తొక్కుకుంటూ వెళితే అక్కడ నెత్తుటి మరక తప్ప ఏమీ లేదు. పక్క అడవివాళ్లు జింకను ఎత్తుకుపోయి ఉంటారని డెట్లెఫ్ చెప్పి చూశాడు. పనివాడి మాట ఎవరు వింటారు?

"కుక్క బొంకితే బొంకింది, దాని తరఫున నువ్వెందుకయ్యా బొంకుతావు?" అన్నాడు అడవి యజమాని రాడెమాఖర్. "ఇంకొక్కసారి ఉత్తినే ఆ తోలు కరుచుకొచ్చిందా, తూటా దానికే."

ఆయన మాట తప్పని మనిషి. ఊళ్లో ఆయనకు మర్యాద అందుకే.

ఇవాళ్టి వేటలో పదకొండు గంటలకు ఒక జింక గాయంతో పొదల్లో దూరింది. వేటకొచ్చిన పెద్దమనుషులు బండి దగ్గర బఠాణీ సూప్ కోసం ఆగిపోతే, డెట్లెఫ్ హెర్టాను తీసుకుని దేవదారు మొక్కల్లోకి వెళ్లాడు. కాస్త దూరం పోయాక గుండెలో మేకు దిగ్గొట్టినట్లయింది. నాచు మీద కూలబడ్డాడు, తర్వాత పక్కకు ఒరిగాడు.

హెర్టా వచ్చి అతని మొహం వాసన చూసింది. అతను నేర్పిన పనే చేసింది. మెడ వంచి తోలు నోట కరుచుకుంది.

డెట్లెఫ్‌కు అప్పుడు భయం వేసింది, తన కోసం కాదు. వెళ్లకే అందామనుకున్నాడు, నాలుక తిరగలేదు. పట్టీ అందుకోబోయిన చెయ్యి నాచులోనే ఉండిపోయింది. కుక్క పరుగెత్తింది. దాని అడుగుల చప్పుడు వింటూనే అతను పోయాడు.

బండి దగ్గరివాళ్లకు ఈలోగా జింక దొరికింది. వాగు అవతల పడి ఉంటే లాక్కొచ్చి, వేటవాళ్ల ఆచారం ప్రకారం ఆఖరి ముద్దగా దాని నోట్లో దేవదారు రెమ్మ పెట్టి, టోపీలు తీసి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు హెర్టా వచ్చింది.

"చూశారా," అన్నాడు రాడెమాఖర్. "జింక ఇక్కడుంటే దీని కబురు అక్కణ్నుంచి."

కుక్క నాలుగడుగులు వెనక్కి నడిచి, వస్తారా అన్నట్లు చూసింది. ఎవరూ కదలకపోయేసరికి మళ్లీ వచ్చి ఆయన బూట్ల ముందు కూర్చుంది. ఒకసారి వెళ్లి చూద్దామా అన్నాడు ఊరి పశువైద్యుడు. సూప్ చల్లారిపోతుందన్నారు మిగతావాళ్లు. రాడెమాఖర్ మాట నిలబెట్టుకున్నాడు.

గొయ్యి తవ్వమని డెట్లెఫ్‌ను మూడుసార్లు కేకేశారు. పలకలేదు.

"అలిగాడు. ఆకలేస్తే వాడే వస్తాడు."

నవ్వుకుని అతని వాటా సూప్ కూడా పంచుకున్నారు. హెర్టా నోట్లో ఎవరూ రెమ్మ పెట్టలేదు. మంచి తోలు, పారేయడమెందుకని రాడెమాఖర్ దాని పళ్ల మధ్య నుంచి ఆ ముక్కను లాగి, పట్టీ నుంచి కోసి, వచ్చే కుక్క కోసం బండి కొక్కేనికి తగిలించాడు. బండి కదిలినప్పుడు అది అటూ ఇటూ ఊగింది, హెర్టా ఉమ్మితో ఇంకా తడిగానే ఉంది.