రెండుసార్లు తడితే కదలాలి

గడియారాలు బాగుచేసే ఆ మనిషికి, పరాయి దేశంలో, అద్దె మోటార్‌సైకిల్ మీద ఒకటే పని మిగిలింది: మధ్యాహ్నం రెండింటిలోపు కనుమ గేటు దాటడం. గడియ దాటితే గడియ పెట్టేస్తారు. రేపటినుంచి మంచు; మళ్లీ వేసవిదాకా తెరవరు. మ్యాపులో ఆ కనుమ చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టింది ఆయన భార్య. చుట్టిన మూడు వారాలకి పోయింది. ఎనిమిది నెలలైంది. చలికి వేళ్లు ఇప్పుడిప్పుడే మొద్దుబారుతున్నాయి గానీ, లోపలి మనిషి ఆ పని ఎప్పుడో కానిచ్చేశాడు.

వెనక సీట్లో ఆమె తమ్ముడు. నోరు మూయడు గనక ఇంటిల్లిపాదికీ రేడియో.

"బావా, ఈ మెలికల్లో నా పేగులు కూడా ఘాట్ రోడ్డయిపోయాయి."

"ఊఁ."

"మంచు మంచిది కాదు బావా, నెమ్మదిగా పోనీ."

"ఊఁ."

"నీ అక్షరమాలలో ఊఁ ఒక్కటేనా? అక్క ఉన్నప్పుడు ఊహూఁ కూడా ఉండేది."

బావ గేరు మార్చాడు.

దారిపక్క రేకుల కొట్టు దగ్గర ఆగి టీ తాగారు. "ఒక్క నిమిషం, ఒంటికి వెళ్లొస్తా" అని రేడియో కొట్టు వెనక్కి నడిచాడు. బావగారు ఊఁ అన్నాడు, బండెక్కాడు, ఇంజన్ వేడెక్కాలని స్టార్ట్ చేశాడు.

ఆలుమగలకి ఇరవై రెండేళ్లుగా ఒక పద్ధతి ఉండేది. ఆమె వెనక సర్దుకుని కూర్చుని, ఆయన కుడి భుజం మీద రెండుసార్లు తట్టేది. తట్టేదాకా బండి కదిలేది కాదు. తట్టాక ఆయన వెనక్కి చూసేవాడు కాదు.

గాలి విసురుగా వచ్చింది. ముందుకు తగిలించుకున్న సంచి పట్టీ లేచి కుడి భుజం మీద రెండుసార్లు తట్టింది. భుజానికి తట్టింది, బుర్రకి తట్టలేదు. బండి కదిలింది.

పద్దెనిమిది కిలోమీటర్లు. రేడియో పలకడం లేదని శ్రోతకి తెలియలేదు. వినేవాడికైతే కదా ఆగినట్టు తెలిసేది. పైగా ఒక మలుపులో, "గట్టిగా పట్టుకో" అని కూడా అన్నాడు. చాలా రోజులకి ఆ నోటినుంచి తనంతట తాను వచ్చిన మాట అది.

గేటు దగ్గర కాపలావాడు ఇద్దరి పేర్లున్న అనుమతి కాగితం చూసి రెండు వేళ్లు చూపించాడు. తర్వాత ఒక వేలు వెనక సీటు వైపు.

అప్పుడు తిరిగి చూశాడు. సీటు ఖాళీ.

ఒంటిగంటా ఇరవై. పోవడానికి ముప్పావుగంట, రావడానికి ముప్పావుగంట. గడియారాలవాడికి లెక్క తేలడానికి చిటికె చాలు. కాపలావాడు పాపం మంచివాడు. నువ్వొక్కడివీ పో అన్నట్టు గేటు కర్ర పైకెత్తాడు. అవతల కొంత రోడ్డు, ఆపైన మబ్బు. ఎర్ర సున్నా అక్కడే ఉంది.

ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. ముక్కు కారింది, అది చలికి.

బండి వెనక్కి తిప్పాడు.

కొట్టు ముందు బోర్లించిన డబ్బా మీద రేడియో నోరు మూసుకుని కూర్చున్నాడు.

"భాష రాదు. ఫోన్ నీ సంచిలో. వదిలేశావనుకున్నా బావా."

"పట్టీ తట్టింది. మీ అక్క కూర్చుందనుకున్నా."

రేడియో డబ్బా మీంచి లేచాడు. "గేటో?"

"రెండింటికి మూసేసుంటారు. ఇప్పుడు రెండూ ఐదు."

"ఒక్కడివే దాటిపోవాల్సింది."

"ఊఁ."

"మరెందుకొచ్చావ్?"

"సీటు ఖాళీగా ఉంది."

రేడియో ఎక్కి కూర్చున్నాడు. కాస్త తటపటాయించి, బావ కుడి భుజం మీద రెండుసార్లు తట్టాడు.

బండి కదల్లేదు.

"అలా వద్దు," అన్నాడు బావ. "నోటితో చెప్పు."

"పోదాం బావా."

ఆయన ముందు చక్రాన్ని దిగుడు దారికి తిప్పాడు. కదిలించబోయే ముందు మెడ పూర్తిగా తిప్పి వెనక్కి చూసుకున్నాడు. రేడియో ఉన్నాడు.